నా మెర్క్యురీ పూర్తయింది: చేయి వేసిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న రాత్రి వెనక నంబర్ ప్లేటు అతికించాను. దాంతో నా 1949 మెర్క్యురీ ప్లాస్టిక్ మోడల్ కారు పూర్తయింది. మొదలుపెట్టి పద్నాలుగు నెలలు. కారు పెట్టుకునే అట్టపెట్టె అడుగున ఒక కాగితం ఉంది. ఏ భాగం ఏ కిట్‌లోంచి (మోడల్ విడిభాగాల పెట్టెలోంచి) తీశానో మొదటి రోజు నుంచీ అందులో రాస్తూ వచ్చాను. బాడీ ఏఎంటీ అనే మోడల్ కంపెనీ వాళ్ల 1/25 (అసలు కారులో ఇరవై ఐదో వంతు) మెర్క్యురీది. చాసిస్, అంటే కింది చట్రం, ఇంకో పెద్ద సెడాన్ కిట్‌ది. ఇంజన్ మూడో దాంట్లోంచి, వెనక లైట్లు 1959 కాడిలాక్ కిట్ నుంచి, చక్రాలు ఐదో దాంట్లోంచి వచ్చాయి. రాత్రి అది మళ్లీ చదువుకుంటుంటే లోటు కనిపించింది. భాగాల లెక్కంతా ఉంది, మనుషుల లెక్క లేదు. అది ఇక్కడ రాసుకుంటున్నాను.

ఈ పని తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. కిట్‌ను పెట్టె మీద బొమ్మలో ఉన్నట్టే కట్టడం ఒక పద్ధతి. నాలుగైదు కిట్లు విప్పి, కోసి, కలిపి, ఏ పెట్టెలోనూ లేని కారు ఒకటి తయారు చేయడం ఇంకో పద్ధతి. నాకు రెండోదంటే ప్రాణం. 1950ల మొదట్లో అమెరికాలో సామ్ బ్యారిస్, జార్జ్ బ్యారిస్ అనే అన్నదమ్ములు బాబ్ హిరోహాటా కోసం ఒక 1951 మెర్క్యురీని పైకప్పు కిందికి దించి, తలుపుల పిడులు తీసేసి, నేలకు ఆనించినంత కిందికి తెచ్చి తయారు చేశారు. హిరోహాటా మెర్క్ అని దానికి పేరు. దాని ఫోటోలు చూసిన రోజు నుంచి అలాంటి పైకప్పున్న కారు ఒకటి నా చేతులతో చేయాలని కోరిక. అచ్చం అదే కాదు, ఆ వంశంలోది.

అందరికంటే ముందు మాస్టారికి దండం పెట్టాలి. డ్రాయింగ్ నేర్పి రిటైరైన మనిషి, నేను పుట్టకముందు నుంచీ మోడల్స్ కడుతున్నారు. పైకప్పు దించడమంటే కిటికీల దగ్గరున్న స్తంభాల్లోంచి ఒక ముక్క తీసేసి, పైభాగాన్ని మళ్లీ కింద కూర్చోబెట్టడం. అసలు కారులో నాలుగు అంగుళాలు తీస్తే 1/25లో నాలుగు మిల్లీమీటర్లు. (ఈ స్కేలులో అంగుళానికి దాదాపు మిల్లీమీటరు, లెక్క నోటికే వచ్చేస్తుంది.) మాస్కింగ్ టేపు రెండు వరసలు వేసి, మధ్యలో సన్నటి రంపంతో జాగ్రత్తగానే కోశాను. నాలుగు ముక్కలూ తీశాను. పైకప్పు కిందికి దించి చూస్తే గుండె జారిపోయింది. ముందు స్తంభాలు రెండు మిల్లీమీటర్లు వెనక పడ్డాయి, వెనక భాగమేమో ముందుకొచ్చింది. పక్కల కూడా కింద ఉన్న వెడల్పుకి పైన చాలలేదు. ఏ మూలా కలవదు. నా కోత తప్పని అనుకున్నాను. వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు. కొత్త బాడీ కొనుక్కుందామనే నిర్ణయానికి కూడా వచ్చేశాను.

మాస్టారికి ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా ఇంటికొచ్చారు. కారు చేతిలోకి తీసుకోలేదు. ముందు ట్రేసింగ్ పేపరు అడిగారు. కోయని బాడీ ఫోటో పక్కనుంచి తీసింది ఒకటి ఉంటే, దాని మీద పెట్టి గీశారు. కప్పు గీతను నాలుగు మిల్లీమీటర్లు కిందికి జరిపి చూపించారు. ముందు స్తంభం వెనక్కి వాలి ఉంటుంది, వెనక భాగం ముందుకు వాలి ఉంటుంది, పక్కలు లోపలికి వంగి ఉంటాయి. అంటే పైకి పోయేకొద్దీ కారు చిన్నదవుతూ పోతుంది. కాబట్టి మధ్యలోంచి ముక్క తీస్తే పైనున్న చిన్న భాగం కిందున్న పెద్ద భాగం మీద ఎలా సరిపోతుంది? "కోత తప్పు కాదు నాయనా. కప్పు దిగితే చాలదు, పెరగాలి కూడా" అన్నారు. ఆ ఒక్క మాటతో నా వారం రోజుల బెంగ తీరింది.

తర్వాత చెప్పినవన్నీ వరసగా చేశాను. కప్పును ప్లస్ గుర్తులా నిలువునా అడ్డంగా కోసి నాలుగు భాగాలు చేయడం, ఒక్కో భాగాన్నీ దాని స్తంభం మీద కూర్చోబెట్టి నడుమ వచ్చిన సందులో ప్లాస్టిక్ పట్టీ నింపడం. వెనక అద్దం చట్రాన్ని పొట్టి చేయకుండా విడిగా కోసి ముందుకు వాల్చడం. కప్పు లేనప్పుడు బాడీ పక్కలకు విచ్చుకుపోతుందట, అందుకని తలుపుల మధ్య అడ్డంగా ఒక కడ్డీ అతికించి ఉంచమన్నారు. ఆ కడ్డీ పెట్టకపోయి ఉంటే చివర్లో చాసిస్ ఎక్కేదే కాదు.

అన్నిటికంటే కష్టమైంది ఆగడం. సందును పుట్టీతో మెత్తేద్దామనే నా ఆత్రాన్ని ఆయన అస్సలు ఒప్పుకోలేదు. ట్యూబులో వచ్చే పుట్టీ ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది. మందంగా పెడితే ఇవాళ నున్నగా కనిపించినా నెల తర్వాత రంగు కింద గీతలా తేలుతుంది. సందు మొత్తం ప్లాస్టిక్‌తోనే నిండాలి, పలచటి లిక్విడ్ సిమెంటుతో అతకాలి. అది జిగురు లాంటిది కాదు, రెండు వైపులా ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేస్తుంది. బ్రష్ కొస సందుకు తగిలిస్తే చాలు, తనంతట తనే లోపలికి పాకిపోతుంది. అలా అతికించి వారం వదిలేసి, ఆ తర్వాతే రుద్దమన్నారు. పుట్టీ ఆఖర్న, గోరు మందం కూడా లేకుండా. ఇప్పుడు కప్పు మీద వేలు పెట్టి కళ్లు మూసుకుని తడిమినా అతుకు ఎక్కడుందో నాకే తెలియట్లేదు. మాస్టారూ, అది మీ పుణ్యం.

చాసిస్ సంగతికొస్తే, లేత్ మెషీన్ మీద పనిచేసే మిత్రుడు ఒకడు డిజిటల్ క్యాలిపర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) నా చేతిలో పెట్టి "పని అయ్యేదాకా నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. పదకొండు నెలలు ఉంచుకున్నాను. నేను తెచ్చిన చాసిస్ 1/24 కిట్‌ది. అర అంగుళానికి ఒక అడుగు లెక్కన వచ్చిన స్కేలు అది. 1/25తో తేడా నాలుగు శాతమే కదా అని ధీమాగా ఉన్నాను. వాడు కాగితం మీద లెక్క వేశాడు. అసలు మెర్క్యురీకి రెండు ఇరుసుల మధ్య 118 అంగుళాలు, అంటే 2997 మిల్లీమీటర్లు. 25తో భాగిస్తే 120 దగ్గర, 24తో భాగిస్తే 125 దగ్గర. అయిదు మిల్లీమీటర్ల తేడా! నా చాసిస్ కొలిస్తే 126 వచ్చింది. అలాగే పెట్టేసి ఉంటే వెనక చక్రం మడ్‌గార్డు అంచుకు రాసుకునేది. ఆరు మిల్లీమీటర్లు తీసేశాం. తిన్నగా కాకుండా మెట్టులా కోసి, లోపల సన్నటి ఇత్తడి చువ్వ దిగ్గొట్టి కలిపాం. ఆ చువ్వ, ఆ కోత రెండూ వాడి ఆలోచనే. మిగతా కిట్లలో ఏది 24, ఏది 25 అన్నది పెట్టె మీద అంకెను నమ్మకుండా కొలిచి చూసుకోవడం అప్పుడే అలవాటైంది.

ఇంజన్ విషయంలో మా బావకు రుణపడ్డాను. బావ నిజం కార్ల మెకానిక్. నేను పెట్టింది షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8, 1955లో వచ్చిన ఇంజన్. ఎనిమిది ప్లగ్ వైర్లు వేసి, మురిసిపోతూ బావకు చూపించాను. లైటు కింద రెండు నిమిషాలు చూసి, "వైర్లన్నీ తప్పు. పైగా డిస్ట్రిబ్యూటర్ ముందు పెట్టావు, ఈ ఇంజన్‌కి అది వెనక ఉండాలి" అన్నాడు. ఒక్కో ప్లగ్‌కు వంతులవారీగా కరెంటు పంచేది డిస్ట్రిబ్యూటర్. నేను మెర్క్యురీ కిట్‌లో వచ్చిన పాత ఫ్లాట్‌హెడ్ రకం ఇంజన్‌ను చూసి పెట్టాను, దానికి ముందుంటుంది. బావ మాస్కింగ్ టేపు ముక్క చింపి దాని మీద రాశాడు: 1-8-4-3-6-5-7-2. ఏ సిలిండర్ తర్వాత ఏది పేలుతుందో ఆ వరస. డ్రైవర్ వైపు ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7, అవతలి వైపు 2, 4, 6, 8. పైనుంచి చూస్తే డిస్ట్రిబ్యూటర్ మూత చుట్టూ ఆ వరస గడియారం ముల్లు తిరిగే వైపు తిరగాలి.

కందిగింజంత మూత. దాని మీద చుట్టూ ఎనిమిది చిల్లులు, కాయిల్ వైరు కోసం మధ్యలో ఒకటి, మొత్తం తొమ్మిది. అసలు వైరు ఎనిమిది మిల్లీమీటర్ల లావుంటే నాది 0.3 ఉండాలి, డ్రిల్లు అంతకంటే వెంట్రుక వాసి ఎక్కువ. రెండు మూతలు పగిలాక మూడోది కుదిరింది. వైర్లన్నీ పీకి మళ్లీ వరసగా వేసుకున్నాను. బానెట్ మూస్తే ఏదీ కనిపించదు, నిజమే. కానీ తెరిచినప్పుడు ఒక మెకానిక్ చూసి తలూపే ఇంజన్ కావాలని నాకుండేది, అలాంటిదే అయింది. ఆ టేపు ముక్క ఇప్పటికీ నా బల్ల అంచునే ఉంది బావా, తీయను.

ఇక రంగు. ఇక్కడే అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పడ్డాను. పలచగా ప్రైమర్ కొట్టి, అసలు కార్లకు వేసే లక్కర్ స్ప్రే దాని మీద కొట్టేశాను. పది నిమిషాల్లో కప్పు మీద, సరిగ్గా కొత్త అతుకుల దగ్గర, ఎండిన చెరువులా సన్నగా బీటలు వారింది. ఆ రంగులో ఉండే సాల్వెంట్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది, అడ్డుగా మందపాటి ప్రైమర్ ఉండాలని తర్వాత తెలిసింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. హెల్మెట్ల మీద ఎయిర్‌బ్రష్‌తో బొమ్మలు వేసే అక్కకు అర్ధరాత్రి ఫోటో పెడితే, తెల్లారేసరికి జవాబు వచ్చింది. "ఏమీ చేయకు, ఆగరా, నేను వస్తున్నాను." వచ్చి, వచ్చినంత రంగు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తీయించి, బీటలు ప్లాస్టిక్ దాకా దిగినచోట 600 నంబరు ఉప్పుకాగితంతో నీళ్లు పోస్తూ రుద్దించింది. సగం తనే రుద్దింది. ముక్కుకు మాస్క్ లేకుండా స్ప్రే డబ్బా ముట్టుకున్నందుకు గట్టిగా చీవాట్లు కూడా పెట్టింది, అవీ నాకు పడాల్సినవే.

నాకు కావాల్సింది క్యాండీ ఎరుపు. కింద వెండిరంగు, దాని మీద అద్దంలా కనిపించే పారదర్శకమైన ఎరుపు పలచటి పొరలుగా. ఒక్కో పొరకీ రంగు చిక్కబడుతుంది. బానెట్‌కు ఆరు పొరలు, బాడీకి ఏడు పడితే అవి రెండు కార్లవిగా కనిపిస్తాయి. అందుకని బానెట్‌నూ డిక్కీ మూతనూ లోపలి నుంచి టేపుతో వాటి స్థానాల్లోనే నిలబెట్టి, అన్నీ ఒకేసారి కొట్టాలని అక్క చెప్పింది. ముందు ప్లాస్టిక్ చెంచాల మీద వేసి చూశాం. ఒకటో చెంచా నుంచి తొమ్మిదో చెంచా దాకా వరసలో పెడితే గులాబీ నుంచి నల్లటి ఎరుపు దాకా మెట్లు మెట్లుగా వచ్చింది. ఏడో చెంచా దగ్గర ఇద్దరం ఒకేసారి "ఇదే" అన్నాం. తన ఎయిర్‌బ్రష్ నాకు ఇచ్చేసి వెళ్లింది, పనిముట్టు మీద బతికే మనిషి. అక్కా, నీకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

కాడిలాక్ లైట్ల గురించి చెప్పకుండా ఉండలేను. 1959 కాడిలాక్ వెనక రెక్కల మీద తూటాల్లా ఉండే జంట లైట్లు నాకు కావాలి. విడిగా దొరకలేదు. ఒకాయన తన దగ్గర సీలు తీయని కిట్ ఉంటే దాన్ని తెరిచి ఆ నాలుగూ కోసి పంపారు. ఆ కిట్ ఇక పూర్తి కాదని ఆయనకూ తెలుసు. పేరు రాయవద్దన్నారు, రాయట్లేదు. అయ్యా, మీ లైట్లు మెర్క్యురీ వెనక మడ్‌గార్డుల్లో సగం లోపలికి దిగి కూర్చున్నాయి, ఎక్కడికీ పోవు.

అద్దాలు సూపర్ గ్లూతో అతికించి, దాని ఆవిరికి తెల్లగా మసకబారించుకున్నప్పుడు, పారదర్శకమైన వాటికి తెల్ల జిగురే వాడమని చెప్పిన తమ్ముడికీ, క్రోమ్ పట్టీలకు బేర్ మెటల్ ఫాయిల్ (అతుక్కునే పలచటి లోహపు రేకు) వేసేటప్పుడు నాలుగు కోతలకొకసారి బ్లేడు మార్చమని నా పక్కన కూర్చుని నేర్పిన చెల్లికీ చాలా థ్యాంక్స్. పద్నాలుగు నెలలు డైనింగ్ టేబుల్లో మూడో వంతు వదిలిపెట్టిన మా ఇంట్లోవాళ్లకు వేరే చెప్పుకుంటాను.

క్యాలిపర్ తుడిచి మిత్రుడికి ఇచ్చేశాను. అక్క ఎయిర్‌బ్రష్‌కు కొత్త సూది వేశాను, శనివారం తీసుకెళ్తాను. మాస్టారు ఏమీ వద్దన్నారు, ఒక్కటి మాత్రం అడిగారు. మొదటి రోజు స్తంభాల్లోంచి కోసి తీసిన ఆ నాలుగు ముక్కలు ఉన్నాయా అని. అగ్గిపెట్టెలో దాచి ఉంచాను. ఆదివారం కారుతో పాటు అవీ తెస్తున్నాను మాస్టారూ.