బొంబొలోని గొడవ

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకో, తప్పు నాదే. పరీక్షలు అయ్యాయి, పాసయ్యా, చలి చంపేస్తోంది, మా అమ్మ కనిపిస్తే బానే తింటున్నానని చెప్పు. ఇక అసలు సంగతికొస్తా, ఆగలేకపోతున్నా.

మొన్న ఆదివారం ఇంట్లో బొంబొలోని చేశాన్రా! ఇక్కడ ఇటలీలో, ఫ్లోరెన్స్‌లో పొద్దున్నే కాఫీతో తింటారు చూడు, ఆ డోనట్. మధ్యలో చిల్లు ఉండదు, లోపల క్రీమ్, పైన చక్కెర. పేరు కూడా 'బాంబు' నుంచే వచ్చిందట. హాస్టల్ బోండా గుర్తొచ్చిందా? నాకూ వచ్చింది, అందుకే మూకుడుకి రెండడుగుల దూరంలో నిలబడ్డా.

అరకిలో పిండి, 25 గ్రాముల ఈస్ట్ ముక్క, పాలు, వెన్న, గుడ్లు, నిమ్మతొక్క తురుము. మొదటిసారి పాలు పొగలు కక్కుతుంటేనే ఈస్ట్ వేసేశా, చచ్చింది. రెండు గంటలు హీటర్ పక్కన పెట్టినా పిండి నీ అటెండెన్స్ లాగే కదల్లేదు. మళ్ళీ మొదలు. ఈసారి గోరువెచ్చటి పాలు, అబ్బ, గిన్నె మీద మూత లేచిపోయింది!

ఫ్లాట్‌మేట్ ఈ ఊరమ్మాయే, ఓ కిటుకు చెప్పింది. ఒక్కో ఉండనీ చిన్న బేకింగ్ పేపర్ ముక్క మీదే పొంగనిచ్చి పేపర్‌తో సహా నూనెలోకి జారవిడవాలట, చేత్తో ఎత్తితే గాలంతా పోయి అణిగిపోతుంది. కాసేపటికి పేపర్ దానంతటదే ఊడొస్తుంది, పటకారుతో తీసేయడమే. బాగా పొంగినవి సగమే మునిగి తేలతాయి, తిప్పి వేయించాక నడుం చుట్టూ తెల్లటి చార మిగులుతుంది. ఆ చార చూసి నేను గంతులేశా. మొదటి నాలుగు మాత్రం పైన మాడు, లోపల పచ్చి. 170 డిగ్రీల దగ్గర ఉంచాల్సింది, నేనేమో మంట ఫుల్లు పెట్టా.

సరే, క్రీమ్ నింపాలి కదా, నాజిల్ లేదు, సాస్ సీసా మూతితో కుక్కితే పక్కనుంచి పగిలి చొక్కా మీద... వదిలేయ్. గిన్నెల్లో పోసేసి ముంచుకు తినండి అన్నా, ముందే అనుకున్న ప్లాన్ లాగా! గుడ్డుసొన, పాల క్రీమ్ ఒకటి (ఉండలు కట్టింది, టీ వడకట్టుతో వడగట్టా), వేడి పాలల్లో కరిగించిన డార్క్ చాక్లెట్ ఒకటి, చక్కెరేసి ఉడికించిన రాస్‌బెర్రీ ఇంకోటి, పుల్లగా అదే బెస్ట్. అమ్మాయి మొహం చూడాలి! బొంబొలోని అంటే నింపాల్సిందే, ముంచుకోవడమేంటి అని పది నిమిషాలు క్లాసు పీకింది, పీకుతూనే చాక్లెట్ గిన్నె ఖాళీ చేసింది. నువ్వైతే అల్లం పచ్చడి అడిగేవాడివి, తెలుసు.

ఇంతకీ ఆ మాడిన నాలుగూ ఏం చేశానంటే... అయ్యో ట్రామ్ వచ్చేసింద్రా, ఉంటా