ఆదివారం సాయంత్రపు చిల్లర లెక్క: మాల్ యాజమాన్యానికి ఫిర్యాదు

మహబూబ్‌నగర్

మాల్ మేనేజర్ గారికి,

విషయం: పార్కింగ్ వసూళ్లు, గేమ్ కార్డు మిగులు, సంచుల ధర, మార్పిడి నిబంధన, ఎస్కలేటర్ దగ్గరి అడ్డంకులు.

అయ్యా,

వారం ముందే అనుకొని మాల్‌కు వచ్చే కుటుంబాలు తక్కువ. ఆదివారం తిని కాసేపు నడుం వాల్చాక, పిల్లలు సతాయిస్తే "సరే పోదాం పా" అని బండి తీసేవాళ్లే ఎక్కువ. వాళ్ల చేతిలో సంచి ఉండదు, నీళ్ల సీసా ఉండదు, కొనాల్సిన వాటి చీటీ ఉండదు. మీ మాల్‌లో వసూళ్లన్నీ ఆ లేనివాటి మీదే నడుస్తున్నాయి. ఒక్కొక్కటీ పదో ఇరవయ్యో కాబట్టి పిల్లల ముందు ఎవరూ గొడవకు దిగరు. అందుకే కాగితం మీద పెడుతున్నాం.

ముందు పార్కింగ్. బేస్‌మెంట్‌లోకి దిగే మలుపులోనే బైకుకు 20, కారుకు 40 రూపాయలు తీసుకొని స్లిప్పు ఇస్తున్నారు. లోపలికి రాకముందే పైసలు తీసుకుంటే జీవో 63కు అర్థమే లేదు. పురపాలక శాఖ 2018 మార్చి 20న ఇచ్చిన ఆ ఉత్తర్వు ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మొదటి 30 నిమిషాలు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు, ఏమీ కొనకపోయినా సరే. అరగంట నుంచి గంట వరకు అయితే, లోపల ఏ దుకాణంలో ఎంతకు కొన్నా ఆ బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే బిల్లు గానీ సినిమా టికెట్ గానీ పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువ ఉండాలి, అప్పుడూ ఉచితమే. అంటే ఎంతసేపు ఉన్నారో, ఎంత కొన్నారో తెలిసేది బయటికి వెళ్లేటప్పుడే. "రూలు మారింది సార్" అని మీ పార్కింగ్ కాంట్రాక్టరు మనుషులు చెప్తున్నారు. 2021లో మారింది సింగిల్ స్క్రీన్ థియేటర్లకు, మాల్స్‌కు కాదు.

రుసుమును బయటి గేటుకు మార్చినంత మాత్రాన పని కాదు. ఆదివారం 7 నుంచి 9 మధ్య మీకు ఉన్నది ఒకటే బూమ్ బారియర్ (బండ్లను ఆపే ఎత్తుడు గేటు). స్లిప్పు చూడటం, చిల్లర వెతకడం కలిపి కారుకు 40 సెకన్లు వేసుకున్నా, ముందు 20 కార్లు ఉంటే 13 నిమిషాలు ర్యాంపు మీదే గడుస్తాయి. 20 నిమిషాల్లో పని ముగించుకొని బండెక్కినవాళ్లు గేటు చేరేసరికి అరగంట దాటిపోతుంది. కాబట్టి పై అంతస్తులో, బిల్లింగ్ కౌంటర్ల పక్కనే స్లిప్పు మీద సీలు వేయించండి. సీలు పడ్డాక బయటపడటానికి 15 నిమిషాలు ఇవ్వండి. ఇంకో చిక్కు కూడా అక్కడే తీరుతుంది. బిల్లు ఇంటావిడ సంచిలో ఉంటుంది, బండి తీయడానికి కిందికి దిగిన మనిషి చేతిలో ఉండదు. ఒకే కుటుంబం స్కూటీ మీద, బైకు మీద వస్తే ఒక్క బిల్లుకు రెండు స్లిప్పులకూ సీలు పడాలి. స్లిప్పు పోతే 200 అట! బండి నంబరు కెమెరాలో ఉండగా ఆ 200 దేనికి?

గేమ్ జోన్ లెక్క ఇంకా తమాషా. కనీస రీచార్జి 500. అందులో 50 కార్డు ధర, మిగిలేది 450. ఆట 80 రూపాయలు. ఐదు ఆటలకు 400 పోతే 50 మిగులుతుంది. 50కి ఒక్క ఆటా లేదు. "ఇంకో 200 వేయించండి, మూడు ఆటలు వస్తాయి" అంటారు. 250లో మూడు ఆటలకు 240 పోతే ఈసారి 10 మిగులుతుంది. మిగులు వెనక్కి ఇవ్వరు. కోస్గి నుంచో మక్తల్ నుంచో వచ్చినవాళ్లు పది రూపాయల కోసం మళ్లీ రారని మీకు తెలుసు. ఆట ధరను బట్టి రీచార్జి పెట్టండి, లేదా మిగిలిన మొత్తాన్ని యూపీఐలో వెనక్కి వేయండి. ధరల పట్టిక కార్డు గీకే మిషన్ మీద కాదు, గేమ్ జోన్ గుమ్మం దగ్గర ఉండాలి. పిల్లలు లోపలికి ఉరికాక ధర తెలిస్తే ఏ తల్లిదండ్రి వెనక్కి లాక్కురాగలరు?

సంచుల సంగతి. బయటి సంచిని బ్యాగేజీ కౌంటర్‌లో పెట్టమంటారు. సామానంతా బిల్లు కొట్టాక "క్యారీ బ్యాగ్ 12 రూపాయలు, వేయమంటారా?" అని అడుగుతారు. అంతదాకా వచ్చాక బట్టలు, సబ్బులు ఒళ్లో పెట్టుకొని ఎవరు పోతారు? ముందుగా తెలియజేయకుండా, బిల్లు కట్టే చోట సంచికి ధర వేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులోనే చెప్పింది. ప్రవేశద్వారం దగ్గర తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాల బోర్డు పెట్టండి, ఇంటి గుడ్డ సంచి మూతిని జిప్ టై (ప్లాస్టిక్ పట్టీ)తో బిగించి లోపలికి రానివ్వండి.

ఫుడ్ కోర్టులో సర్వీస్ ఛార్జి దానంతట అదే బిల్లులో కలుస్తోంది. 2022 జూలైలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అది కస్టమర్ ఇష్టం. తీసేయమని అడిగించుకోవద్దు, అసలు వేయొద్దు.

బట్టల విభాగం బిల్లు వెనకాల "శని, ఆదివారాల్లో మార్పిడి లేదు, వారం లోపు మాత్రమే" అని అచ్చు వేశారు. ఆదివారం కొన్నవాళ్లు మళ్లీ రాగలిగేది ఆదివారమే. నారాయణపేట నుంచి బస్సులో వచ్చే మనిషి సోమవారం కూలి వదులుకొని చొక్కా సైజు మార్చుకోవాలా? సైజు మార్పిడి మీ సౌకర్యం అనుకుందాం. కుట్టు ఊడినదో, జిప్పు పనిచేయనిదో అయితే అది మీ దయ కాదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పే.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు సంగతి. ఎస్కలేటర్‌ది ప్రాణాల సంగతి.

మొదటి అంతస్తులో ఎస్కలేటర్ దిగే చోటికి రెండడుగుల దూరంలో ఆఫర్ చెప్పుల స్టాండు పెట్టారు. మామూలు ఎస్కలేటర్ సెకనుకు అర మీటరు కదులుతుంది, మెట్టు లోతు దాదాపు 40 సెంటీమీటర్లు. పైన ఒకామె స్టాండు చూస్తూ 5 సెకన్లు ఆగితే వెనక ఆరు మెట్ల జనం ఆమె మీదికి వస్తారు. వాళ్లు ఆగుదామన్నా మెట్లు ఆగవు. హ్యాండ్‌రైల్ చివర నుంచి కనీసం రెండున్నర మీటర్లు ఖాళీగా ఉండాలి. మెట్లు లోపలికి పోయే చోట దువ్వెన పళ్లలాంటి పలకలో రెండు పళ్లు విరిగి ఉన్నాయి. మెత్తటి రబ్బరు క్లాగ్స్ వేసుకున్న పిల్లల వేళ్లు, చీర కుచ్చిళ్లు, చున్నీ కొంగులు చిక్కేది అక్కడా, పక్క గోడ సందులోనే. పాదాలు, బట్టలు ఆ గోడకు తగలకుండా పక్కన ఉండే బ్రష్ పట్టీ ఒకవైపు ఊడిపోయింది. కింద ఉండే ఎర్ర స్టాప్ బటన్‌కు అడ్డంగా బతుకమ్మ ఆఫర్ స్టాండీ నిలబెట్టారు. అది తీయడానికి ఒక్క నిమిషం చాలు, ఈ ఉత్తరం చదవగానే తీయించండి. విరిగిన పలక మార్చేదాకా ఎస్కలేటర్ ఆపి, తాడు కట్టండి. ఆగినదాన్ని మెట్లలా వాడనివ్వొద్దు. రెండు చివర్లలో మెట్ల ఎత్తు ఒకేలా ఉండదు, ముసలివాళ్లు తూలి పడతారు.

వెనక అగ్నిమాపక మెట్ల దారిలో అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటిని గోడౌన్‌కు తరలించి, తలుపు తాళం తీసి ఉంచండి.

ఎస్కలేటర్, మెట్ల దారి పనులు మూడు రోజుల్లో, మిగతావి 15 రోజుల్లో చేసి, ఏది ఎప్పుడు చేశారో రాతపూర్వకంగా తెలపండి. లేకపోతే పార్కింగ్ సంగతి మున్సిపల్ కమిషనర్‌కు, మిగతావి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇస్తాం. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు.

జతపరిచినవి: పార్కింగ్ స్లిప్పులు 11, గేమ్ కార్డు రసీదులు 4, సంచి ధర వేసిన బిల్లులు 6, ఎస్కలేటర్, మెట్ల దారి ఫొటోలు 9.

ఇట్లు,
న్యూటౌన్, మెట్టుగడ్డ ప్రాంతాల వినియోగదారులు