ఆ పాట ముందు మన ఇంట్లో వినబడాలి

వన్ టౌన్,
విశాఖపట్నం.

నాన్నా,

నువ్వు పంపిన పాట విన్నాను. ట్యూన్ చాలా బాగుంది. డ్రమ్స్ ఆగిపోయి నీ గొంతు ఒక్కటే మిగిలిన చోట ఒళ్ళు జలదరించింది. మతం పేరుతో మనుషుల్ని చంపడం మీద పాట కట్టాలని నీకు తోచినందుకు గర్వంగా ఉంది. ఫోన్లో అయితే మాటా మాటా పెరుగుతుందని ఇలా రాస్తున్నాను.

నీ పాటలో కత్తి పట్టినవాడు మూడు చరణాల్లోనూ అవతలి మతంవాడే. ఏడ్చేది మనవాళ్ళే. నాకు గుచ్చుకున్నది అదే. రేపు ఎవరో ఊరేగింపులో డీజే పెట్టి, ఏ మసీదు ముందో ఆపి మరీ ఆ పాట వేసుకోవచ్చు. నా ఉద్దేశం అది కాదని అప్పుడు నువ్వెంత మొత్తుకున్నా ఎవరికీ వినబడదు.

నువ్వు టెన్త్ నుంచీ గిటార్ మీద వాయిస్తున్న క్రాన్‌బెర్రీస్ బ్యాండ్ వాళ్ళ 'జోంబీ' పాట ఎలా పుట్టిందో ఒకసారి చూడు. 1993 మార్చి 20, శనివారం. ఇంగ్లండులో వారింగ్టన్ అనే ఊరు. మర్నాడు అక్కడ మదర్స్ డే. బజారులో ఐఆర్ఏ వాళ్ళు, అంటే ఉత్తర ఐర్లండును ఐర్లండులో కలపాలని ఆయుధాలు పట్టిన దళం వాళ్ళు, చెత్తడబ్బాల్లో పెట్టిన బాంబులు పేలాయి. మూడేళ్ళ జొనాథన్ బాల్ అక్కడికక్కడే చనిపోయాడు. పన్నెండేళ్ళ టిమ్ ప్యారీ ఐదు రోజుల తరవాత పోయాడు. ఆ పిల్లల కోసం పాట రాసిన డొలొరెస్ ఓరియర్డన్‌కి అప్పటికి 21 ఏళ్ళు, నీకంటే కాస్త పెద్ద. ఆమెది ఐర్లండు, లిమరిక్ దగ్గరి కేథలిక్ కుటుంబం. బాంబు పెట్టినవాళ్ళు చెప్పుకున్నది కూడా ఐర్లండు పేరే. అంటే ఆమె తన జనం పేరు వాడుకున్నవాళ్ళ మీదే గొంతెత్తింది. 1916లో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద తిరగబడినవాళ్ళను అక్కడ మనం అల్లూరిని తలచుకున్నట్టు తలచుకుంటారు. ఆ సంవత్సరాన్ని కూడా పాటలోకి లాగి, అప్పటి నుంచీ ఇదే కథ అంది. అందుకు ఎంత గుండె కావాలో ఆలోచించు.

కేథలిక్కులకీ ప్రొటెస్టంట్లకీ మధ్య అన్నట్టు కనిపించినా, అక్కడి గొడవ అచ్చంగా మతం గొడవ కాదు. ఉత్తర ఐర్లండు బ్రిటన్‌లో ఉండాలా, ఐర్లండులో కలవాలా అన్నది అసలు తగువు. ఇళ్ళలో, ఉద్యోగాల్లో కేథలిక్కులకు అన్యాయం జరిగింది. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లండులోని డెర్రీలో ఊరేగింపుగా వెళ్తున్నవాళ్ళ మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపితే ఆ రోజే 13 మంది చనిపోయారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. ఆ బాధ నిజం. కానీ వారింగ్టన్‌లో ఆ మూడేళ్ళవాడు దానికేం బాకీ పడ్డాడు? 1998లో ఒప్పందం కుదిరేసరికి రెండు వైపులా కలిపి సుమారు 3,500 మంది పోయారు. వాళ్ళలో దేవుడి గురించి వాదించుకుని చచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారంటావు? మన దగ్గర కూడా గొడవ వెనక తవ్వితే ఏ స్థలమో, ఏ ఎన్నికో బయటపడుతుంది. నీ పాటలో ఆ ఊసే లేదు.

చివర్లో మన మూడు కొండలూ, అంటే వెంకటేశ్వర కొండ, దర్గా కొండ, చర్చి ఉన్న రాస్ హిల్, పక్కపక్కనే ఉన్నాయని రాశావు. అది తీసెయ్. వైజాగ్ చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అనే మాటే అది. కొండలు ఎప్పుడైనా కొట్టుకున్నాయా? రాస్తే ఆ కొండలెక్కే మనుషుల గురించి రాయి. దర్గాకి మొక్కుకుని వెళ్ళే హిందూ ఆడవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూశావు. అదే ఆడవాళ్ళ ఫోన్లలోకి ఇప్పుడు ఏమేం వచ్చి పడుతున్నాయో కూడా నీకు తెలుసు. మన ఫ్యామిలీ గ్రూపులో పెద్దనాన్న పంపే వీడియోల కింద దండాలు పెట్టేది ఎవరు? మన అత్తయ్యలూ బాబాయిలే కదా. ఒకళ్ళనైనా ఇది నిజమా అని అడగనివ్వరు. నీ పాట అక్కడ మొదలవ్వాలి.

నాకు టెన్షన్ లేదనుకోకు. ఇవతలి తప్పు ఎత్తి చూపిస్తే ముందు మీద పడేది ఇవతలివాళ్ళే. ఫెస్ట్‌లో పాడే ముందు మీ లెక్చరర్‌కి ఒకసారి వినిపించు. వేదిక మీద బ్యాండ్ అంతా నీతో ఉండేలా చూసుకో. ఫోన్లో ఎవరైనా బెదిరిస్తే దాచకుండా నాకు చెప్పు. పాడడం మానెయ్యమని మాత్రం అనను.

కొత్తగా రాసింది తొందరగా పంపు. దసరాకి అందరూ మన ఇంటికే వస్తున్నారు. పెద్దనాన్న ముందు పాడు. నేను నీ పక్కనే కూర్చుంటాను.

అమ్మ