మాస్టారికీ, ల్యాబ్ అక్కకీ, నాన్నగారికీ కృతజ్ఞతలు

వచ్చే సోమవారం నుంచి పాలకొల్లు దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో, అంటే రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే చోట, ట్రైనీగా చేరుతున్నాను. జీతం తక్కువే. కానీ రెండేళ్ళుగా "ఏం చేస్తున్నావమ్మా?" అని ఎవరడిగినా తల దించుకునేదాన్ని, ఇప్పుడు నోరారా జవాబు చెబుతున్నాను. ఇందుకు కారణమైన వాళ్ళకి నలుగురి ముందూ చేతులెత్తి దండం పెట్టాలని ఇది రాస్తున్నాను.

బీజడ్‌సీతో (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ పూర్తి చేశాక అందరిలాగే హైదరాబాద్ వెళ్ళి ఆర్నెల్లు బ్యాంక్ కోచింగ్ తీసుకున్నాను. మాక్ టెస్టుల్లో మార్కులు మరీ తక్కువేం రాలేదు. కానీ ఆ ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. తిరిగొచ్చేశాను. ఇంట్లో ఒకరు బీఈడీ అన్నారు, ఇంకొకరు సాఫ్ట్‌వేర్ కోర్సు అన్నారు, మామ్మ సంబంధాలు చూడమంది. అందరూ నా మంచి కోరినవాళ్ళే. నాకు మాత్రం టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఊళ్ళో రిటైరైన సైన్సు మాస్టారు ఉన్నారు. ఒక సాయంత్రం కాలవగట్టు మీద కనిపించి, నా మొహం చూసి ఆగారు. అంతా విన్నాక ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నీకేది ఇష్టం అని నేనడగనమ్మా. చూడని పని మీద ఇష్టం ఎక్కడ పుడుతుంది? వెళ్ళి చూడు. ఏ పనిలోనైనా బాగుండే భాగం అందరికీ బాగానే ఉంటుంది. విసుగు పుట్టే భాగం ఏదో కనిపెట్టి, అది నువ్వు చేసి చూడు."

మాటతో సరిపెట్టలేదు. మూడు చోట్లకి ఆయనే ఫోన్ చేశారు. ఒక్కో చోట మూడేసి రోజులు.

మొదట మా వదిన పనిచేసే స్కూలు. పిల్లలతో హాయిగానే గడిచింది కానీ నోటుబుక్కులు దిద్దుతుంటే పదో పుస్తకానికే ప్రాణం విసిగింది. తర్వాత రైస్ మిల్లులో అకౌంట్స్ చూసే బాబాయ్ దగ్గర. ఆయన ఓపికకి దండం. అది నా వల్ల కాదని రెండో రోజుకే తెలిసిపోయింది.

మూడోది ల్యాబ్. అక్కడి అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెరువు నీటిలో డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూడటం నేర్పారు. గాజు సీసాలో గాలిబుడగ లేకుండా నీళ్ళు నింపి, రెండు మందులు వేసి మూత పెట్టి తిప్పితే గోధుమరంగు మడ్డి దిగుతుంది. యాసిడ్ వేస్తే అది కరిగి నీళ్ళు పసుపురంగుకి వస్తాయి. దాంట్లోకి బ్యూరెట్ నుంచి థయోసల్ఫేట్ వదులుతూ, పసుపు బాగా పలచబడ్డాక స్టార్చ్ వేస్తే మొత్తం నీలం. ఇక అక్కణ్ణించి ఒక్కొక్క చుక్కే. ఏదో ఒక చుక్కకి ఆ నీలం ఉన్నట్టుండి మాయమైపోతుంది. అప్పటికి ఎంత థయోసల్ఫేట్ పట్టిందో దాన్నిబట్టే ఆక్సిజన్ లెక్క. టైట్రేషన్ ఇంటర్‌లో చేశాను, డిగ్రీలో చేశాను, రికార్డులు రాశాను. ఆ చుక్క మీద ఒక రైతు రెండెకరాల రొయ్య ఆధారపడి ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మాస్టారు చెప్పిన విసుగు ఇక్కడా ఉంది. సీసాలు కడగడం, డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ కడగడం, లేబుళ్ళు అతికించడం. మూడో రోజు ఇరవయ్యో శాంపిల్ దగ్గర కూడా నేను ఆ నీలం కోసమే చూస్తున్నాను. భోజనం వేళ దాటిన సంగతి అక్క గుర్తు చేస్తే గానీ తెలియలేదు.

అక్క ఏదీ దాచలేదు. చెరువులు ఖాళీగా ఉన్న నెలల్లో పని తగ్గుతుందన్నారు. రిజల్ట్ బాగోకపోతే రైతు మన మీద అరుస్తాడు, అయినా ఉన్నదే రాయాలన్నారు. బీఎఫ్‌ఎస్సీ అనే ఫిషరీస్ డిగ్రీ ఇంటర్ బైపీసీ తర్వాత చేరే నాలుగేళ్ళ కోర్సు కాబట్టి, ఇప్పుడు వెనక్కి వెళ్ళక్కర్లేదనీ, ఒక ఏడాది పనిచేసి పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాసి ఎమ్మెస్సీ ఆక్వాకల్చర్‌కి వెళ్ళొచ్చనీ చెప్పారు. ఇంత వివరంగా నాకు ఎవరూ దారి చూపించలేదు.

ఇక మిగిలింది నాన్నగారు. మూడేళ్ళ క్రితం రొయ్యల పట్టుబడికి ఇంకో నెల ఉందనగా మా చెరువుకి తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు వచ్చింది. నాలుగు రోజుల్లో అంతా పోయింది. కౌలుకి ఇంకా చెరువు చేస్తూనే ఉన్నా, "ఈ రొయ్యల గొడవ నాతోనే పోవాలి" అనేవారు. మాస్టారే ఆయన్ని ల్యాబ్‌కి తీసుకొచ్చారు. చెరువులో వదిలే ముందే సీడ్‌కి, అంటే రొయ్యపిల్లలకి, పీసీఆర్ పరీక్ష చేస్తే ఆ వైరస్ ఉందో లేదో తెలుస్తుందని అక్క మెషీన్ చూపించి చెప్పారు. నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బయటికొచ్చాక, "ఆ ఏడు మనం చేయించలేదమ్మా" అన్నారు. ఇంకాసేపటికి, "నువ్వు నేర్చుకో" అన్నారు.

మాస్టారూ, మీరు నా కోసం ముగ్గురిని బతిమాలారు. అక్కా, పని మానుకుని మరీ నేర్పారు. వదినా, బాబాయ్, మీ దగ్గర గడిపిన రోజులు కూడా వృథా కాలేదు. మీ అందరికీ ఎంతగానో రుణపడి ఉన్నాను.

నిన్న తెల్లవారకముందే నాన్నగారితో చెరువుకి వెళ్ళాను. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి డీవో బాగా పడిపోయేది ఆ వేళకే. అక్క ఇచ్చిన మీటర్ నీళ్ళలో దించాను. నాన్నగారు టార్చి పట్టుకుని, "ఎంతుందమ్మా?" అన్నారు.

"3.2 నాన్నగారూ. ఆ మూలవి రెండు ఎయిరేటర్లు కూడా వేసేయండి."

వెంటనే వెళ్ళి వేశారు.