మమ్మీల గదిలో ఫొటోలు వద్దు

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలో ఉన్న ఈజిప్టు మమ్మీ ప్రస్తావన వస్తే చాలు, శాపాలు, ఆత్మలు అంటూ సామాజిక మాధ్యమాల్లో కథలు మొదలవుతాయి. ఏడవ నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చిన ఆ పెట్టెలో ఉన్నది, రెండు వేల ఏళ్లకు పూర్వం అయినవారు శ్రద్ధగా అంత్యక్రియలు జరిపించిన ఒక స్త్రీ దేహం.

శరీరం శిథిలమైతే పరలోకంలో బతుకు ఉండదని నమ్మిన ఆ సమాజం అందుకోసం పడిన శ్రమ సామాన్యమైనది కాదు. ఎడమ డొక్క కోసి కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు వెలికితీసి, దేహాన్ని నేట్రాన్ అనే సహజ లవణంలో దాదాపు 40 రోజులు ఎండబెట్టి, తైలాలు పూసి, నార గుడ్డ చుట్టి బంధువులకు అప్పగించేసరికి మొత్తం 70 రోజులు పట్టేది. గుండెను మాత్రం లోపలే ఉంచేవారు. మృతుల దేవుడు ఒసైరిస్ సమక్షంలో దానిని సత్యదేవత మాత్ ఈకతో తూచి మృతుని నడవడి తేలుస్తారని వారి నమ్మకం. అందరికీ ఇంత వైభవం దక్కలేదు. మమ్మీలు చేసేవారు చెక్క నమూనాలు చూపి, మూడు తరగతుల్లో ఏది కావాలో బంధువులను అడిగేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. నిరుపేదలకు ఎడారి ఇసుకే గతి. ఈజిప్టులోని సక్కారాలో 2016లో బయటపడిన మమ్మీల తయారీశాల కుండల్లో ఆసియా అడవుల నుంచి వెళ్లిన డామర్, అంటే మన గుగ్గిలం కోవకు చెందిన చెట్టుబంక, ఆనవాళ్లు కనిపించాయని 2023లో పరిశోధకులు ప్రకటించారు. ఇంతటి కథ ఉండగా దెయ్యాల కల్పనలు దేనికో నాకు అర్థం కాదు.

ఇక సమాధి తెరిచినవారిని శాపం చంపుతుందన్న కథ సంగతి. ఈజిప్టు రాజు టూటన్‌ఖామున్ సమాధి 1922లో బయటపడిన కొద్ది నెలలకే, ఆ తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నర్వాన్ మరణించింది దోమకాటు పుండై, విషమించడం వల్ల. తవ్వకాలు నడిపిన హోవర్డ్ కార్టర్ 1939 దాకా బతికాడు. నిజానికి హాని జరిగింది ఆ రాజుకే. శవపేటికకు అంటుకుపోయిన అతని దేహాన్ని 1925లో తల, కాళ్లు, చేతులు వేరుచేసి మరీ బయటికి తీశారు.

కైరోలోని ఈజిప్టు నాగరికతా జాతీయ మ్యూజియంలో, 2021 ఏప్రిల్‌లో ఊరేగింపుగా తెచ్చిన రాజులు, రాణుల మమ్మీలున్న మందిరంలో ఫొటోలు తీయడం నిషిద్ధం. హైదరాబాద్, కోల్‌కతా, జైపూర్ సహా మన దేశంలో మమ్మీలున్న మ్యూజియాలన్నింటిలోనూ ఈ నియమం కచ్చితంగా అమలు కావాలి. సెల్ఫీ తీసుకునే చేతికి చదవడానికి ఏదైనా ఇవ్వాలి కూడా. ఈజిప్షియన్లు దారిన పోయేవారిని ఉద్దేశించి, తమ పేరు పలికి, తమకు వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు దక్కాలని ఒక్కమాట అనిపొమ్మని సమాధుల మీద రాయించుకునేవారు. ఆ వేడుకోలునూ, పైన చెప్పిన అంత్యక్రియల క్రమాన్నీ తెలుగు, ఉర్దూ భాషల్లో పెద్ద అక్షరాలతో గాజుపెట్టె పక్కన ఉంచే విషయాన్ని పురావస్తు శాఖ పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, వరంగల్