గట్టు మీద నిలబడ్డవాడు చేపకు ఎలా కనిపిస్తాడు

ప్రియమైన రాఘవకు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. గాలానికి ఎరగా తగిలించే రబ్బరు కప్ప ఎర్రటిది కొనాలా, ఆకుపచ్చటిది కొనాలా, అసలు చేపకు రంగులు తెలుస్తాయా అని అడిగావు. దానికి జవాబు చెబుతాను గాని, నువ్వు అడగని సంగతి ఒకటి ముందు చెప్పాలి. ఇన్నాళ్ళూ మన గాలానికి కొర్రమీను పడకపోవడానికి కారణం ఎర కాదు, గట్టు మీద మనం నిలబడే తీరు.

పోయిన ఆదివారం పొద్దున్నే చెరువు దగ్గరికి వెళ్ళాను. తూము పక్కన గుర్రపుడెక్క మధ్య చాప పరిచినంత ఖాళీ ఉంది. అందులో మూరెడు లోతున ఒక కొర్రమీను కదలకుండా నిలిచి ఉంది. మొప్పల పక్కనున్న రెక్కలు మాత్రం విసనకర్రల్లా మెల్లగా ఆడుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టి, చప్పుడు కాకుండా కర్ర పైకెత్తానో లేదో, నీళ్ళలో ఒక సుడి, దాని వెనక బురద మేఘం, అంతే. ఎర ఇంకా నా చేతిలోనే ఉంది. అంటే అది చూసింది ఎరను కాదు, నన్ను.

ఎలా చూసిందో తెలియాలంటే నీటి కింద నుంచి లోకం ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. గాలిలోంచి నీటిలోకి దిగే వెలుగు వంగుతుంది కాబట్టి, గట్లూ చెట్లూ ఆకాశమూ కలిసి చేప తలపైన ఒక గుండ్రని కిటికీలో ఇరుక్కుని కనిపిస్తాయి. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. చేప ఎంత లోతున ఉంటే కిటికీ అడ్డుకొలత దానికి రెండింతల పైచిలుకు ఉంటుంది. మీటరు లోతున ఉన్న చేపకు అది దాదాపు 2.26 మీటర్లు. ఆ గుండ్రానికి అవతల నీటి పైభాగమంతా అద్దమే, అందులో చెరువు అడుగే తిరగబడి కనిపిస్తుంది.

ఇక్కడ మనకు పనికొచ్చే కిటుకు ఒకటి ఉంది. దూరాన, నేలకు దగ్గరగా ఉన్నవన్నీ ఆ కిటికీ అంచున నలిగిపోతాయి. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. కిటికీ అంచుకు మూడు మీటర్ల దూరంలో నీటి మట్టానికే నిలబడ్డ మనిషి చేపకు సుమారు ఎనిమిది డిగ్రీల ఎత్తున కనిపిస్తాడు. అక్కడే గొంతుక్కూర్చుంటే రెండు డిగ్రీలకు పడిపోతాడు. పది మీటర్ల అవతల నిలబడితే ఒక్క డిగ్రీ కూడా ఉండడు. మనం ఏం చేశాం? ఎత్తయిన గట్టెక్కి, తెల్ల చొక్కాలు వేసుకుని, ఆకాశం ముందు స్తంభాల్లా నిలబడ్డాం. పైగా పొద్దుటి ఎండ మన వీపున పడుతుంటే నీడలు నేరుగా నీళ్ళ మీదికే పాకాయి. గాలి వీచి అలలు లేచినప్పుడు మాత్రం ఆ కిటికీ ముక్కలు చెక్కలవుతుంది కాబట్టి, గాలి ఉన్న రోజే మనకు మంచిది.

చేపకు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుకే దాని చూపు దాదాపు చుట్టూ తిరిగి వస్తుంది, తోక వెనక మాత్రం ఒక గుడ్డి మూల మిగులుతుంది. కాలువలో చేప నీటికి ఎదురు తల పెట్టి నిలుస్తుంది కనుక, పారే వైపు నుంచి అంటే దాని వెనక నుంచి వెళ్ళడం తెలివైన పని. ఒడ్డున నువ్వు చెప్పే కబుర్లు నీళ్ళలోకి పెద్దగా దిగవు గాని, నీ బూటు కాళ్ళ అదురు మాత్రం దిగుతుంది. దాన్ని పసిగట్టే గీత ఒకటి చేప ఒంటి పక్కల పొడుగునా ఉంటుంది.

ఇక రంగుల మాట. చేపలకు రంగులే తెలియవని జర్మనీలో హెస్ అనే కంటి శాస్త్రవేత్త గట్టిగా వాదించేవాడు. కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1910ల్లో చిన్న చేపలకు ఒక రంగు చూపిస్తూ మేత పెట్టి అలవాటు చేశాడు. తర్వాత అన్ని ఛాయల బూడిద రంగుల మధ్య ఆ రంగును అవి గుర్తుపట్టడం చూపించి ఆ వాదాన్ని తోసిపుచ్చాడు. తేనెటీగల నాట్యాన్ని విప్పి చెప్పి 1973లో నోబెల్ అందుకున్నది ఈయనే. మన ఇళ్ళలో గాజుతొట్టెల్లో పెంచే గోల్డ్‌ఫిష్‌కయితే మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది. కాని దాని చూపు మనంత సూటిది కాదు, సన్నటి వివరాలు దానికి మసకగానే ఉంటాయి. కాబట్టి కప్ప బొమ్మ మీద చెక్కిన మచ్చలకు నువ్వు ఇచ్చే డబ్బు చేపకు చేరదు, దుకాణం వాడికే చేరుతుంది.

ఎరుపు నీళ్ళలో ముందే మాయమవుతుందని నువ్వు రాసిన మాట తేట సముద్రానికి సరిపోతుంది. ఆకులు కుళ్ళి టీ రంగు దేరిన మన చెరువు నీటిలో ముందు పోయేది నీలమే, పసుపూ ఎరుపూ ఇంకొంత దూరం నిలుస్తాయి. అసలు రబ్బరు కప్ప నీటి పైన తేలుతుంది కదా. కింద నుంచి చూసే కొర్రమీనుకు వెలుతురు దాని వెనక ఉంటుంది, కనిపించేది నల్లటి ఆకారమే. అందుకే ఆ రెండు రంగుల్లో చవకైనది కొను. మునిగిపోయే ఎరకయితే రంగు కొంత లెక్కలోకి వస్తుంది.

వేళ సంగతి కూడా మరచిపోకు. చేపకు కనురెప్పలు లేవు, చాలా చేపలకు కంటిపాప మనలా ముడుచుకోదు. పగటి చూపుకూ రాత్రి చూపుకూ వేరువేరు కణాలు కంటి లోపల ముందుకూ వెనక్కూ జరగాలి, ఆ జరుగుడుకు చాలాసేపు పడుతుంది. పొద్దుగుంకే వేళ ఆ మార్పు సాగుతుండగా చిన్న చేపలు తికమకపడతాయి, వేటాడేవి ఆ అదను చూసుకుంటాయి. మనం ఎప్పుడూ ఆ వేళకే సైకిళ్ళెక్కి ఇంటికి బయల్దేరేవాళ్ళం!

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ తెల్ల చొక్కా తేవద్దు. మట్టి రంగుది ఏదైనా పాతది చాలు. తూము దగ్గర తుమ్మ చెట్టు నీడలో, గట్టుకు కింద, ఇద్దరం కూర్చోవడానికి చోటు చదును చేసి ఉంచాను. ఆ కొర్రమీను ఇంకా అక్కడే తిరుగుతోంది, నిన్న సాయంత్రం గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చినప్పుడు చూశాను. ఈసారి నేను వంగి ఉన్నాను, అది పారిపోలేదు.

ఇట్లు,
నీ మూర్తి