వార్షిక నివేదిక: తీరం నీళ్లు, ప్లవకాల లెక్క

సభ్యులందరికీ నమస్కారం. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తున్నాను.

ఈ ఏడాది కూడా ప్లవకాల (నీళ్లలో తేలుతూ బతికే చాలా చిన్న జీవుల) నమూనాలు రెండు చోట్ల తీశాం: మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట ఒకటి, దానికి బాగా దూరంగా తేట నీళ్లలో ఇంకొకటి. ప్రతిసారీ ఉష్ణోగ్రత, లవణీయత, కరిగిన ఆక్సిజన్ చూశాం, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో కొలిచే పళ్లెం, సెక్కీ డిస్క్ దించి అది ఎంత లోతు దాకా కనిపిస్తుందో రాసుకున్నాం, నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ పరీక్షలకు సీసాలు ఐసులో పెట్టి ల్యాబ్‌కు పంపాం.

కాలువ దగ్గర నీళ్లు పచ్చగా ఉంటాయి, క్లోరోఫిల్ (ప్లవకాల్లోని ఆకుపచ్చ పదార్థం) ఎక్కువ చూపిస్తుంది. అది చూసి ప్లవకాలు బాగానే పెరుగుతున్నాయి కదా, ఇంకేం కావాలని పోయిన సమావేశంలో కొందరు అడిగారు. పెరగడం వేరు, రకరకాలుగా ఉండడం వేరు. తేట నీళ్ల నమూనాను మైక్రోస్కోప్ కింద పెడితే పొడవాటి ముళ్లతో కీటోసెరాస్, గాజు పళ్లెంలా గుండ్రంగా కాసినోడిస్కస్, కొమ్ములతో సెరాటియం, లెక్కపెట్టే స్లైడు మీద ఒక్కో గడిలో ఒక్కో రకం కనిపిస్తుంది. కాలువ నమూనాలో ఏ గడి చూసినా స్కెలెటోనీమా గొలుసులే. లెక్కపెట్టేవాళ్లకు కళ్లు లాగేస్తాయి, పేర్ల పట్టిక మాత్రం నిండదు.

మురుగుతో, పొలాల ఎరువులతో నైట్రోజన్, ఫాస్ఫరస్ వచ్చి పడుతుంటే వాటిని వేగంగా వాడుకోగల ఒకటి రెండు రకాలు మిగతావాటిని తోసేస్తాయి. డయాటమ్‌లకు, అంటే స్కెలెటోనీమాలాంటి గాజు పెంకు ప్లవకాలకు, పెంకు కట్టుకోవడానికి సిలికా కూడా కావాలి, కానీ మురుగులో అది అంతగా రాదు, నదులు తెచ్చేదాంట్లో కొంత ఆనకట్టల వెనకే ఆగిపోతుంది. సిలికా అయిపోతే దాని అవసరం లేని డైనోఫ్లాజెల్లేట్లకు (సెరాటియంలాంటి ప్లవకాలకు) దారి దొరుకుతుంది, వాటిలో కొన్ని విషం తయారు చేసేవి. అలాగని డయాటమ్‌లన్నీ మంచివని కాదు, 1987లో కెనడాలో ఆల్చిప్పలు తిన్నవాళ్లలో కొందరి ప్రాణం తీసింది సూడోనీట్జ్‌షియా అనే డయాటమ్ విషమే. ఇక ఒక్కసారిగా పెరిగినవి ఒక్కసారిగా చస్తే, వాటిని కుళ్లబెట్టే బ్యాక్టీరియా అడుగు నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుంది. లీటరుకు 2 మి.గ్రా. కంటే తగ్గితే చాలా చేపలు ఆ చోటు వదిలి పోతాయి, పోలేనివి చస్తాయి. అందుకే క్లోరోఫిల్ అంకె ఒక్కటి చూసి నీళ్లు బాగున్నాయనడం కుదరదు, రకాలు లెక్కపెట్టి తీరాలి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఒడ్డున పెట్టిన మైక్రోస్కోప్ రోజు. పిల్లలు లైను కట్టారు. వేటకు వెళ్లే పెద్దాయన ఒకరు నాక్టిలూకా అనే చీకట్లో మెరిసే ప్లవకాన్ని చాలాసేపు చూసి, "రాత్రిళ్లు వల లాగుతుంటే మెరిసేది ఇదేనా?" అని అడిగారు. అదే అని చెప్పగానే ఏయే నెలల్లో ఎక్కువ మెరుస్తుందో, నీళ్లు అప్పుడు ఏ రంగులో ఉంటాయో గడగడా చెప్పుకుపోయారు, మన రిజిస్టర్‌లో లేని సమాచారం అది. మైక్రోస్కోప్‌లు అప్పిచ్చిన కాలేజీ వాళ్లకు, పడవ ఇచ్చినవాళ్లకు, టెంటు వేసినవాళ్లకు, ఎండలో నిలబడి పిల్లలకు ఓపిగ్గా చూపించిన విద్యార్థులకు, నమూనాలు చెడిపోకుండా కలిపే లూగోల్ అయోడిన్ సీసాలు మోసిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధ కలిగించిన మాట కూడా చెప్పాలి. పెద్ద వాన పడ్డాక కాలువ పొంగి లవణీయత పడిపోయినప్పుడే నమూనా తీయాలి, మనకు కావాల్సింది సరిగ్గా ఆ రోజే, కానీ వస్తామని పేరిచ్చినవాళ్లు ఫోన్లు కూడా ఎత్తలేదు. ఫొటోల రోజు మాత్రం అందరూ ఉన్నారు. కాలువ నీళ్లు శుద్ధి చేసి వదలమని సంబంధిత అధికారులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాం, "పరిశీలనలో ఉంది" అన్న ముక్క తప్ప ఏమీ రాలేదు. మన పట్టికలు జతచేసి పంపినా తెరిచి చూసిన దాఖలా లేదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో ఈ నివేదిక వెనక ఉంది, ఖర్చులో పెద్ద భాగం ల్యాబ్ పరీక్షలకే పోయింది. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

వచ్చే ఏడాది వానాకాలం డ్యూటీ పట్టిక సమావేశం హాల్లోనే రాస్తాం. రాగలిగినవాళ్లే పేరివ్వండి.

కార్యదర్శి